రెండో కుర్చీ

నలభై ఒక్క ఏళ్లుగా అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు పట్టుబడింది ఒక్కటే పని. సరుకు పైకి ఎలా ఉంది, లోపల ఎలా ఉంది, ఆ రెండింటికీ తేడా ఎంత అన్నది లెక్కగట్టడం. మా కోడలు సువర్చల కనిపెట్టిన యంత్రం వల్ల మా ఇంట్లో వదినా ఆడపడుచుల మధ్య పదకొండు రోజులు మాటలు ఆగిపోయినప్పుడు కూడా నాకు అక్కరకొచ్చింది ఆ లెక్కే.

నా చిన్నతనంలో బెల్లం ముదురు రంగులో ఉండేది. తర్వాత కొనేవాళ్లు పసుపుపచ్చగా మెరిసే దిమ్మను మొదటి రకం అనడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండా రైతులు పాకంలో హైడ్రోస్ అనే మందు కలపడం నేర్చుకున్నారు. బెల్లం బంగారంలా వచ్చింది. రుచి తగ్గింది, నిలవ తగ్గింది. ఇందులో రైతు మోసమేమీ లేదు. మేం రంగు చూసి రకం కట్టాం, అతను రంగు తయారు చేసి తెచ్చాడు.

సువర్చల పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయంలో కూడా ఇదే జరిగింది. పిల్లలు పరిశోధన పత్రాలను కంప్యూటర్ చేత రాయించడం మొదలుపెట్టాక అన్ని పత్రాలూ మెరిసిపోతూ వచ్చాయి. తప్పు లేదు, తడబాటు లేదు.

"ఈ ఏడాది రెండు వందల పత్రాలు దిద్దాను మామయ్యగారూ," అంది ఒకరోజు. "అన్నీ బాగున్నాయి. అదే భయంగా ఉంది."

రెండేళ్లు ప్రయోగశాలలో గడిపి ఆమె ఒక పట్టీ తయారు చేసింది. నుదుటికి కట్టుకునే గుడ్డ పట్టీ. లోపల రూపాయి బిళ్లలంత లోహపు ముక్కలు, పక్కన చిన్న పెట్టె, దాని మీద ఆకుపచ్చ దీపం. దాని పేరు ఆనవాలు పట్టీ. ఒక ఆదివారం భోజనాలయ్యాక దాన్ని నా తలకు కట్టి, కాగితం మీద రాసుకున్న వాక్యాలు ఒక్కొక్కటే చదివింది.

"పాకం ముదిరిందో లేదో తెలియాలంటే చల్లటి నీళ్లలో చుక్క..."

ఆమె ఇంకా 'వేసి' అనలేదు. దీపం వెలిగింది.

"ఓడను రేవులో కట్టేటప్పుడు ముందు వైపు తాడు..."

దీపం వెలగలేదు. నేను ఓడ ఎక్కిన పాపాన పోలేదు.

తర్వాత పన్నెండో ఎక్కంలో ఒక వరుస చదివింది. వాక్యం పూర్తయ్యాక, తీరిగ్గా, మసకగా వెలిగింది.

"అదీ తేడా," అంది సువర్చల. "బట్టీ పట్టినదైతే మాట విన్నాక గుర్తొస్తుంది. చేత్తో చేసినదైతే మాట రాకముందే మెదడు అక్కడికి వెళ్లి కూర్చుంటుంది. చేతుల్ని కదిపే భాగం కూడా కదులుతుంది. విద్యార్థికి తన పత్రాన్నే చదివి వినిపిస్తాం. ఏ వాక్యం తనదో, ఏది అరువో తెలిసిపోతుంది."

మా ఆవిడ కాంతం తమలపాకులు తుడుస్తూ అంది: "'ఇవాళ కూర బ్రహ్మాండంగా ఉంది' అని చదవమ్మా ఓసారి. రోజూ అంటారు."

చదివింది. దీపం వెలగలేదు. నేనెప్పుడూ కూర వండలేదు కాబట్టి వెలగలేదని సువర్చల సర్దిచెప్పబోయింది. కాంతం ఆ లెక్క ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మరుసటి ఏడాదికి ఆ పట్టీ నిబంధన అయింది. పత్రానికి నూరు మార్కులు, అవీ దీపం వెలిగిన వాక్యాలకే. పని ఎలా చేశారో చెప్పే భాగానికి నలభై. ఏం కనిపెట్టారో చెప్పే ముఖ్య వాక్యాలకు అరవై. యాభై దాటకపోతే పత్రం వెనక్కి వస్తుంది. మొదటి విడతలోనే నలభై నాలుగు పత్రాలు వెనక్కి వచ్చాయి. ఆ నలభై నాలుగులో ఒకటి మా అమ్మాయిది.

తనూజ మా చిన్నది. ఆహార శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆ పత్రం నెగ్గితే డాక్టరేట్ సీటు. నెగ్గకపోతే ఆ ఏడాదికి ఆ సీటు ఇంకొకరిది. దానికి తనూజ ఎంచుకున్న సంగతి వానాకాలంలో బెల్లం నిలవ. ఒకే రోజు, ఒకే ఊరి నుంచి వచ్చిన దిమ్మల్లో కొన్ని ఏడాదంతా గట్టిగా ఉంటాయి, కొన్ని తొలకరికే చెమర్చి నీరు కారతాయి. ఏది నిలుస్తుందో ముందే ఎలా తెలుసుకోవాలి అన్నది ప్రశ్న.

ఆ పిల్ల పద్నాలుగు నెలలు మా గోదాంకు వచ్చింది. పొద్దున్నే ఏడింటికి చెమ్మ కొలిచే పరికరంతో, పుస్తకంతో, జడ పైకి ముడేసుకుని వచ్చేది. బల్లల మీది దిమ్మల్లోంచి ముక్కలు తీసి, తూచి, సీసాల్లో వేసి, చీటీలు అంటించేది. నాలుగు వందల పన్నెండు దిమ్మలు. ప్రతి దాన్నీ వానాకాలమంతా కనిపెట్టి చూసింది.

పక్కనే అప్పలనర్సమ్మ ఉండేది. మా గోదాంలో ముప్పై ఏళ్లుగా దిమ్మలు ఏరి పెట్టే మనిషి. పొట్టిది, గోనె మడత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. చేతులూ నోరూ రెండూ ఆగవు.

"ఇనుకో సిన్నమ్మా. టక్కుమందా? లోపల ఇసకలాగ మెరుత్తందా? ఇది ఆసాడం దాటతాది. ఇదిగో, ఇది సూడు, మెత్తగా ఇరిగింది. పెళ్లికొడుకులాగ పైకి తెల్లగున్నాది గానీ తొలకరికే సెమట కక్కుతాది."

తనూజ నవ్వి రాసుకునేది. నేను గల్లా దగ్గర కూర్చుని అది చూస్తూ సంతోషపడేవాడిని. ఈ ముచ్చట ఎటు పోయి ఎటు తేలుతుందో ఆ రోజు నా లెక్కకు అందలేదు.

ఫలితం వచ్చిన రోజు మధ్యాహ్నం తనూజ కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది.

"ముప్పై ఒకటి," అంది.

"చూశాను," అంది సువర్చల నెమ్మదిగా.

"చూసి ఊరుకున్నావా వదినా?"

"నీ పత్రం దగ్గర నేను కూర్చోకూడదు తనూ, బంధువులం. వేరే ప్రొఫెసరు కూర్చున్నారు. నిన్న సాయంత్రం ఫలితం నా దగ్గరికి వచ్చింది. పట్టీలో తేడా ఉందేమోనని రెండుసార్లు పరీక్షించాను. లేదు."

"అంటే నేను దొంగ పత్రం రాశానంటావు."

"నేననలేదు."

"నీ దీపం అంది కదా! పద్నాలుగు నెలలు నాన్న గోదాంలో చీమలు కుట్టించుకున్నాను. కావాలంటే వెళ్లి ఆ చీమల్ని అడుగు. వాటికీ కట్టు పట్టీ."

"పని చేసిన భాగంలో నీకు నలభైకి ముప్పై ఒకటి వచ్చాయి. అది చాలామందికి రాలేదు. ముఖ్య వాక్యాలు తొమ్మిది. వాటిలో ఒక్కటి కూడా..."

"ఆ తొమ్మిదీ నేనే రాశాను!"

"ముందు పప్పు వడ్డించుకోండి, చల్లారిపోతోంది," అంది కాంతం. ఎవరూ వడ్డించుకోలేదు. మా అబ్బాయి అటు భార్యను, ఇటు చెల్లెల్ని చూసి, పెరుగన్నం దాకా ఆగకుండా బెల్లం మార్కెట్ యార్డుకు వెళ్లిపోయాడు. వాడిలో ఆ మాత్రం వ్యాపార దక్షత ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. "అమ్మా, ఉప్పు అటువైపు ఇమ్మను" అని ఒకరు, "అత్తయ్యా, ఉప్పు పంపించాను" అని ఇంకొకరు. మధ్యలో కాంతం ఉప్పుగిన్నె మోస్తూ కూర్చుంది.

నేను ఎవరి వైపూ మాట్లాడలేదు. రెండు వైపులా సరుకు మంచిదే. తనూజ అబద్ధమాడే పిల్ల కాదు. సువర్చల తప్పు తూకం వేసే మనిషి కాదు. యార్డులో రెండు కాటాలు ఒకే బస్తాకు రెండు తూకాలు చూపిస్తే కొత్తవాళ్లు కాటాల్ని తిడతారు. నేను వంగి బస్తా కింద చూస్తాను. చాలాసార్లు ఒక మూల నేలకు ఆని ఉంటుంది. ఇక్కడ ఏ మూల ఎక్కడ ఆనిందో పది రోజులు వెతికినా దొరకలేదు.

పదకొండో రోజు బరంపురం నుంచి కొత్త బేరగాడు వస్తానన్నాడు. నేను గోదాంలోకి వెళ్లేసరికి అప్పలనర్సమ్మ అప్పటికే దిమ్మల అంచులు చిన్న చిన్న ముక్కలుగా విరిచి, విని, ఎడమ బల్ల మీదా కుడి బల్ల మీదా సర్దుతోంది. నిలిచేవి ఎడమకు, త్వరగా అమ్ముకోవలసినవి కుడికి. రోజూ చూసే పనే. ఆ రోజు ఎందుకో ఆగి చూశాను.

"నర్సమ్మా, ఎవరు చెప్పారే నీకు ఇలా సర్దమని?"

"మీరే గదా బాబూ! బయటోడికి సరుకు సూపించే ముందు ఏరి పెట్టమన్నారు. పెద్ద బాబుగోరి కాలం నుంచి సేత్తన్నాను. ఏటి, తప్పా?"

"తప్పు కాదు. మరి మా పాప వచ్చినప్పుడు కూడా ఏరి పెట్టావా?"

"పెట్టకేం? సదువుకునే పిల్ల. ఆవిడకి కలిసిపోయిన సరుకెట్టేత్తానా? ఆవిడొచ్చే ఏలకి అంతా ఏరేసి తుడిసేసి ఉంచీదాన్ని."

మూల ఆనింది ఇక్కడ.

తనూజ పత్రంలో 'ఎడమ బల్ల సరుకు', 'కుడి బల్ల సరుకు' అని రాసింది నాకు గుర్తుంది. ఎడమది నిన్నటి లోడు, కుడిది ఇవాళ్టి లోడు అనుకుంది ఆ పిల్ల. ఏది నిలుస్తుందో నర్సమ్మ చేతులు ముందే తేల్చేసిన సరుకునే కొలిచింది. అది అడగలేదు, నేను చెప్పలేదు. బెల్లం వ్యాపారి ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ మాత్రం తెలిసే ఉంటుందనుకున్నాను. మా ఇంటి ఆడపిల్లల్ని ఆ పద్నాలుగు నెలలకు ముందు ఎప్పుడూ గోదాం గడప తొక్కనివ్వలేదన్న సంగతి నేనే మర్చిపోయాను. నష్టం ఎవరి ఖాతాలో పడాలో చూస్తే పేరు నాదే వచ్చింది.

మర్నాడు పొద్దున్న తనూజను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ముందు కోపం వచ్చింది దానికి. తర్వాత లేచి వెళ్లి పద్నాలుగు నెలల పుస్తకాలు తెచ్చి నేల మీద పరిచింది. మొదటి పుస్తకంలో మార్జిన్ నిండా 'అ.న.' అని ఉంది. 'టక్ మంటే నిలుస్తుంది — అ.న.' 'ఇసుక మెరుపు — అ.న.' మూడో పుస్తకానికి వచ్చేసరికి ఆ రెండు అక్షరాలు లేవు. మాటలు అవే ఉన్నాయి.

"అప్పలనర్సమ్మ చెప్పింది అని రాసుకునేదాన్ని నాన్నా," అంది. "రాసీ రాసీ అది నేను అనుకున్నదే అనిపించింది. ఎప్పుడు మానేశానో కూడా తెలీదు."

దాని ముఖం చూసి తట్టుకోలేకపోయాను. నేను వ్యాపారిని. నష్టం కనబడగానే దారి వెతకడం నా అలవాటు. ఉన్న మాట దాచను, ఆ రోజు నేను చెప్పిన దారి ఇది:

"రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెడతారట కదా. నర్సమ్మ పక్కన కూర్చుని రోజుకు వంద దిమ్మలు నీ చేత్తో విరువు. అప్పటికి నీ చేతికీ వస్తుంది. దీపం వెలుగుతుంది. విశాఖలో కోచింగ్ సెంటర్లు పెట్టి ఇదే చేయిస్తున్నారట. ఎవరికి తెలుస్తుంది?"

తనూజ పుస్తకం మూసింది. "అది హైడ్రోస్ నాన్నా," అంది.

సరుకు మంచిదని నేననుకున్నదానికంటే ఒక రకం పైనే ఉంది.

తనే లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ సువర్చల కాఫీ కలుపుతోంది. నేను గుమ్మం దగ్గర ఆగాను.

"వదినా, నీ దీపం కరెక్టు. ఆ తొమ్మిదీ నావి కావు."

సువర్చల చేతిలో గ్లాసు అలాగే ఉంది. "మరి ఎవరివి?"

తనూజ చెప్పింది. సువర్చల పొయ్యి కట్టేసి ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆమె ముఖంలో రావలసిన సంతోషం రాలేదు. గెలిచినవాళ్లు అలా కూర్చోరు.

"నలభై నాలుగు పత్రాలు వెనక్కి పంపాను," అంది. "ఇది నీదా కాదా అని మాత్రమే అడిగాను. నీది కాకపోతే ఎవరిది అని ఒక్కసారీ అడగలేదు. ఆ ఖాళీ వాక్యాల్లో ఎంతమంది ఉన్నారో!"

"ఉప్పుగిన్నె ఇక నేను మొయ్యక్కర్లేదా?" అంది వెనక నుంచి కాంతం.

ఆ తొమ్మిదీ ఆమెవేనా అని పట్టీతోనే తేల్చడానికి అప్పలనర్సమ్మను యూనివర్సిటీకి తీసుకెళ్లడం సులువు కాలేదు. అక్కడి కమిటీలో ఒకాయన, "చదువురాని కూలి మనిషిని పరీక్ష గదిలో కూర్చోబెడతారా?" అన్నాడట. సువర్చల, "ఆమెకు చదవడం రాదు సార్, వినడం వచ్చు. మన పరీక్ష కూడా వినిపించేదే," అందట. ఒక్కసారికి ఒప్పుకున్నారు. ఇటువైపు నర్సమ్మ ఒప్పుకోలేదు.

"నానేటి, పరీచ్చేటి బాబూ! తప్పితే పనిలోంచి తీసెత్తారా?"

"తప్పేదేం లేదు. వాళ్లు చదివితే నువ్వు వినడమే."

"ఇనడానికి అంత దూరం దేనికి? ఇక్కడే సదవమనండి."

చివరకు మా కారులో ముందు సీటు ఇస్తామంటే వచ్చింది. పెళ్లిళ్లకు కట్టే ఆకుపచ్చ చీర కట్టింది. దారిలో రెండుసార్లు అద్దం దించమంది.

పరీక్ష గది చిన్నది. మధ్యలో విద్యార్థికి ఒక కుర్చీ, ఎదురుగా తెర. సువర్చల పక్క గదిలోంచి ఇంకో కుర్చీ తెచ్చి దాని పక్కన వేసింది. నర్సమ్మ ఎక్కి కూర్చుంది. కాళ్లు నేలకు ఆనలేదు. గాలిలో ఆడుతున్న కాళ్లతో, తలకు పట్టీతో, పూలు చెదరకుండా మెడ బిగబట్టి కూర్చున్న ఆమెను చూస్తే నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను.

తనూజే ఆ తొమ్మిది వాక్యాలను మామూలు మాటల్లోకి మార్చి చదివింది. కమిటీవాళ్లు ముగ్గురు గోడవారగా నిలబడ్డారు. నన్ను తలుపు దగ్గర ఉండనిచ్చారు.

"దిమ్మ విరిచినప్పుడు లోపల ఇసుకలా..."

దీపం వెలిగింది. నర్సమ్మ చేతులు ఒళ్లో ఉన్నవి ఉన్నట్టే విరిచినట్టు కదిలాయి.

"పైన తెల్లగా ఉన్నంత మాత్రాన..."

వెలిగింది.

మూడు, నాలుగు, అయిదు, ఆరు. ప్రతిసారీ వాక్యం సగానికి రాకముందే. కమిటీ ఆయన గోడ దగ్గర నుంచి మెల్లగా ముందుకు వచ్చాడు.

ఏడోది: "మార్గశిరంలో కాచిన బెల్లం, మాఘంలో కాచిన బెల్లం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది."

దీపం వెలగలేదు. నర్సమ్మ తల అడ్డంగా తిప్పింది.

"అది కాదు సిన్నమ్మా. ఎవులు సెప్పారు నీకు?"

"నేనే... లెక్కల్లో అలా వచ్చింది," అంది తనూజ తడబడుతూ.

"నెలలో ఏటుంటాది? సెరుకు నరికినాక ఎన్నాల్లు పడేసినారన్నది సూడాల. మార్గశిరంలో గానుగలు కాలీగుంటాయి, నరికిన రోజే ఆడేత్తారు. మాగం వొచ్చేసరికి అందరూ ఒక్కసారే నరికేత్తారు, మూడేసి రోజులు ఎండలో పడుంటాది. అప్పుడింకేటి నిలుత్తాది! ఇదంతా నాను ఇన్న మాటే తల్లీ. నరికేకాడికి నానెప్పుడు ఎల్లాను? కోతకెల్లొచ్చి మా ఆయన సెప్పీవాడు."

ఆ వాక్యం తనూజ పరీక్షలోనూ వెలగలేదు, ఇక్కడా వెలగలేదు. నర్సమ్మ చెప్పింది తను విన్న మాటే, తన చేతి పని కాదు, ఆ సంగతి తనే చెప్పింది. పద్నాలుగు నెలల పనిలో ఎవరిదీ కాని వాక్యం అదొక్కటి. తనూజ ముఖంలో ఓడిపోయినతనం పోయి, సరుకు రాశిలో ఏదో కనబడ్డ మనిషి చూపు వచ్చింది.

ఎనిమిది, తొమ్మిది వెలిగాయి.

"నాకెన్నొచ్చాయి?" అంది నర్సమ్మ పట్టీ తీస్తుంటే.

"తొమ్మిదికి ఎనిమిది," అంది సువర్చల.

"ఆ ఒక్కటీ మీ సిన్నమ్మే తప్పు సదివింది," అని కుర్చీలోంచి దిగడానికి నా చెయ్యి పట్టుకుంది.

కమిటీ నాలుగు వారాలు వాదించుకుని ఒక నిబంధన రాసింది. ఏదైనా వాక్యం విద్యార్థికి కాకుండా రెండో కుర్చీలో మనిషికి వెలిగితే, ఆ మనిషి పేరు పత్రం మీద ఉంటే, ఆ వాక్యానికి విద్యార్థికి సగం మార్కులు. పేరు లేకపోతే సున్నా. తనూజ పత్రాన్ని మళ్లీ రాసింది. దాచడానికి ఏమీ లేకపోయేసరికి పత్రానికి బలం వచ్చింది. నాలుగు వందల పన్నెండు దిమ్మల్లో మూడు వందల డెబ్బై ఒకటి నర్సమ్మ ముందే ఏరి పెట్టినట్టే నిలిచాయి, లేదా కారాయి. ఒక చేతి అంచనాకు పద్నాలుగు నెలల సాక్ష్యం అది. అలాంటిది ఇంతకుముందు ఎవరూ కొలవలేదట. పత్రం మీద ఇద్దరి పేర్లు పడ్డాయి, నర్సమ్మది ముందు.

"నా పేరు ముందెందుకు? సదువుకుంది పాప గదా," అంది నర్సమ్మ. కానీ పేరు ఎక్కడుందో వేలితో చూపించమని మూడుసార్లు అడిగింది.

మార్కులు లెక్క వేస్తే పాతవి ముప్పై ఒకటి, ఎనిమిది వాక్యాలకు సగం చొప్పున ఇరవై ఏడు. యాభై ఎనిమిది. గట్టెక్కింది. మొదటి శ్రేణి కాదు. తనూజకు డాక్టరేట్ సీటు జాబితాలో చివరి పేరుగా దక్కింది. ఏడుస్తుందనుకున్నాను. ఆ సాయంత్రం రెండు గ్లాసుల చెరుకురసం తాగి, కోత ఎప్పుడు మొదలవుతుందని అడిగింది.

సువర్చల మిగతా నలభై మూడు మందికీ కబురు చేసింది. పదిహేడు మంది ఎవరో ఒకర్ని వెంటబెట్టుకుని వచ్చారు. భీమిలి నుంచి వలలు అల్లే ఆవిడ, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సు, ఒక కుర్రాడైతే వాళ్ల నాయనమ్మను తెచ్చాడు. మిగతా ఇరవై ఆరు మందికి తీసుకురావడానికి మనిషి దొరకలేదు. వాళ్ల వెనకున్నది కంప్యూటరు, దానికి కుర్చీ అక్కర్లేదు.

తర్వాతి మాఘమాసమంతా తనూజ చెరుకు తోటల్లోనే ఉంది. నరికిన రోజు ఆడించిన చెరుకు, ఒక రోజు ఆగింది, మూడు రోజులు ఆగింది, అన్నీ వేరువేరుగా కాయించింది. ఎండకు నల్లబడింది, చేతులకు చెరుకాకు గీతలు పడ్డాయి. కాంతం రోజూ పసుపు రాస్తూ, "డాక్టరమ్మవి కమ్మంటే కోత కూలివైపోయావు," అని గొణిగేది. కొన్నాళ్లకు నర్సమ్మ కూడా, గోదాంలో పని అయ్యాక, ఆటో ఎక్కి ఆ తోటలకు వెళ్లడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లుగా విన్నదే గానీ ఎప్పుడూ చూడలేదట.

వానలు వెనకబట్టాక కొత్త పత్రం పరీక్షకు వచ్చింది. తనూజకు ఈసారి రెండో కుర్చీ అవసరం లేదు. అయినా నర్సమ్మను రమ్మంది. ఇద్దరికీ పట్టీలు కట్టారు, రెండు దీపాలు పక్కపక్కన. నేను మళ్లీ తలుపు దగ్గరే.

"నరికిన చెరుకును మూడు రోజులు ఎండలో..."

తనూజ దీపం వెలిగింది. కన్ను మూసి తెరిచేంత తేడాలో నర్సమ్మది వెలిగింది.

నర్సమ్మ ఆ రెండు దీపాలనూ కాసేపు తేరిపార చూసి నా వైపు తిరిగింది. "సూశారా బాబూ, నన్ను దాటీసింది."

"బాధగా ఉందా?" అన్నాను.

"నాకేటి బాద! ఇరగ్గొట్టిన దిమ్మల సప్పుడు మట్టుకు ఇంకా నాదే. దాని కోసం ఇంకో ముప్పయ్యేళ్లు కూకోమనండి."

తనూజకు ఎనభై మూడు వచ్చాయి. కాటా మీద ముల్లు మధ్యలో నిలబడినట్టు నాకు ఆ రోజు హాయిగా ఉంది.

పరీక్ష గదిలో ఇప్పుడు రెండు కుర్చీలు శాశ్వతంగా ఉంటాయి. రెండోది మొదటిదాని కంటే నాలుగు వేళ్లు పొట్టి. పొడుగుకాళ్ల వాళ్లు అందులో మోకాళ్లు మడిచి ఇబ్బందిగా కూర్చుని, ఇదేం కుర్చీ అని విసుక్కుంటారట. మార్చేద్దామని ఆఫీసువాళ్లు రెండుసార్లు అడిగారు. సువర్చల ఒప్పుకోలేదు. దాని కాళ్లు కోయించింది ఆవిడే, అప్పలనర్సమ్మ రెండోసారి వస్తుందని తెలిసిన రోజున.